స్ప్రెడ్‌షీట్లలో తేదీల తారుమారు

రోజు-నెల-సంవత్సరం వరుసలో రాసిన తేదీని కంప్యూటర్ నెల-రోజు-సంవత్సరంగా చదువుకోవడం వల్ల స్ప్రెడ్‌షీట్లలో పుట్టే దోషాలను తేదీల తారుమారు అనవచ్చు. భారత్‌లోనూ బ్రిటన్‌లోనూ రోజు ముందు వస్తుంది, అమెరికాలో నెల ముందు వస్తుంది, చైనా, జపాన్, కొరియా, హంగరీల్లో సంవత్సరం ముందు వస్తుంది. మైక్రోసాఫ్ట్ ఎక్సెల్, లిబ్రేఆఫీస్ కాల్క్, గూగుల్ షీట్స్ మూడింటికీ ఈ అలవాట్లన్నీ తెలుసు. అయితే తమ ముందున్న మనిషిది ఏ అలవాటో వాటికి తెలిసే దారి ఒక్కటే: కంప్యూటర్‌లోనో ఫైల్‌లోనో ఉన్న ప్రాంతీయ అమరిక. తెలుగు జిల్లాల్లోని కార్యాలయాలకు, మీసేవ కేంద్రాలకు, బడులకు వచ్చే కొత్త కంప్యూటర్లలో విండోస్ చాలాసార్లు అమెరికా అమరికతోనే ఎక్కించి ఉంటుంది. చిక్కు అక్కడే మొదలవుతుంది.

జిల్లాలు పుట్టిన తేదీతో పరీక్ష

ఈ దోషం ఎలా పనిచేస్తుందో చూపించడానికి జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాల తేదీలకు మించిన ఉదాహరణలు దొరకవు. ఈ మూడూ 2016 అక్టోబర్ 11న, విజయదశమి నాడు, జిల్లాల పునర్వ్యవస్థీకరణలో ఏర్పడ్డాయి. ఆ రోజుతో తెలంగాణలో జిల్లాలు 10 నుంచి 31 అయ్యాయి. పాత వరంగల్ జిల్లా ముక్కలకు తోడు మహబూబాబాద్‌లో ఖమ్మం జిల్లా మండలాలు, భూపాలపల్లిలో కరీంనగర్, ఖమ్మం జిల్లాల మండలాలు కలిశాయి. తరువాత 2019 ఫిబ్రవరి 17న భూపాలపల్లి నుంచి ములుగు విడిపోయింది. అదే రోజు నారాయణపేట కూడా ఏర్పడి జిల్లాలు 33 అయ్యాయి.

అమెరికా అమరిక ఉన్న కంప్యూటర్‌లో ఎక్సెల్ తెరిచి 11-10-2016 అని కొడితే అది నవంబర్ 10గా నమోదవుతుంది. తెలంగాణ అవతరణ దినం 02-06-2014 కొడితే ఫిబ్రవరి 6 అవుతుంది. భూపాలపల్లి జిల్లా పేరులో ఉన్న ఆచార్య జయశంకర్ పుట్టిన 06-08-1934 కాస్తా జూన్ 8 అవుతుంది. ఇప్పటి జనగామ జిల్లాలోని కడవెండిలో దొడ్డి కొమరయ్య అమరుడైన 04-07-1946 ఏప్రిల్ 7గా మారుతుంది. రైతుబంధు మొదలైన 10-05-2018 అక్టోబర్ 5 అవుతుంది. అంటే వానాకాలం ముందు ఇచ్చిన డబ్బు షీటులో యాసంగి పద్దులో కూర్చుంటుంది.

ములుగు విడిపోయిన 17-02-2019 మాత్రం మారదు. పదిహేడో నెల లేదు కనుక ఎక్సెల్ దాన్ని తేదీగా ఒప్పుకోక, ఉన్నదున్నట్టు టెక్స్ట్‌గా వదిలేస్తుంది. జయశంకర్ మరణించిన 21-06-2011 కూడా అంతే. ఒకే కాలమ్‌లో కొన్ని తేదీలు మారిపోయి, కొన్ని తేదీలే కాకుండా మిగిలిపోవడం ఈ దోషానికి మొదటి ఆనవాలు.

లెక్క వేసి చూస్తే సంగతి ఇంకా తేటపడుతుంది. లీపు కాని సంవత్సరంలో రోజు 12 దాటని తేదీలు 144. వాటిలో 01-01, 02-02 మొదలు 12-12 దాకా ఉన్న 12 తేదీలను ఎటునుంచి చదివినా ఒకటే. మిగతా 132 తారుమారవుతాయి. తక్కిన 221 టెక్స్ట్‌గా నిలిచిపోతాయి. పుట్టిన రోజు కచ్చితంగా తెలియని పెద్దవాళ్లకు ఆధార్‌లో జనవరి 1 వేయడం మామూలే. అలాంటి పింఛనుదార్ల జాబితాలో దోషం ఉన్నా బయటపడదు, ఎందుకంటే 01-01కి తిరగేసిన రూపం లేదు.

కన్నుకు చిక్కని తప్పు

ఇందులోని అసలు ప్రమాదం తప్పు జరగడంలో కన్నా అది కనిపించకపోవడంలో ఉంది. ఆపరేటర్ 11-10-2016 కొడతారు. ఎక్సెల్ లోపల నవంబర్ 10 అని రాసుకుని, తెర మీద అమెరికా పద్ధతిలో 11/10/2016 అని చూపిస్తుంది. గీత పోయి వాలు గీత వచ్చింది, అంకెలు అవే ఉన్నాయి. ఎవరికైనా అనుమానం ఎందుకొస్తుంది? ఆ ఫైల్‌ను భారత అమరిక ఉన్న మరో కంప్యూటర్‌లో తెరిస్తే అదే సెల్ 10-11-2016 అని కనబడుతుంది. అక్కడివాళ్లు ఎంట్రీ చేసినవాళ్లను నిందిస్తారు, చేసినవాళ్లు తాము సరిగానే కొట్టామంటారు. ఇద్దరి మాటా నిజమే.

ఇలా ఎందుకు అవుతుందంటే స్ప్రెడ్‌షీట్ తేదీని తేదీగా దాచుకోదు, ఒక సంఖ్యగా దాచుకుంటుంది. ఎక్సెల్‌లో 1900 జనవరి 1కి సంఖ్య 1. అక్కడి నుంచి రోజుకొకటి చొప్పున పెరుగుతూ 2016 అక్టోబర్ 11కి 42654, నవంబర్ 10కి 42684 వస్తాయి. గంటలు, నిమిషాలు దశాంశంలో ఉంటాయి, మధ్యాహ్నం పన్నెండుకు సగం. తెర మీద కనిపించే రోజు, నెల, గీత అన్నీ ఆ సంఖ్యకు తొడిగిన రూపం మాత్రమే. సంఖ్య ఒకసారి పడ్డాక రూపం ఎన్నిసార్లు మార్చినా లోపలిది మారదు. ఫార్మాట్ సెల్స్‌లోకి వెళ్లి రోజు-నెల-సంవత్సరం ఎంచుకుని సమస్య తీరిందనుకోవడం ఈ పనిలో అందరూ చేసే పొరపాటు. అలా చేస్తే తప్పు తేదీ మరింత చక్కగా కనిపిస్తుంది, అంతే.

ఈ సంఖ్యల వెనుక ఒక చిన్న చరిత్ర ఉంది. 1983లో వచ్చిన లోటస్ 1-2-3 లెక్క సులువు కోసం 1900ను లీపు సంవత్సరంగా తీసుకుంది. నిజానికి ఆ ఏడాది ఫిబ్రవరికి 28 రోజులే. లోటస్ ఫైళ్లతో పొసగడానికి ఎక్సెల్ ఆ తప్పును తెలిసే ఉంచుకుంది. నేటికీ ఎక్సెల్‌లో 60 అన్న సంఖ్యకు 1900 ఫిబ్రవరి 29 అనే లేని రోజు వస్తుంది. లిబ్రేఆఫీస్, గూగుల్ షీట్స్ లెక్కను 1899 డిసెంబర్ 30 నుంచి మొదలుపెట్టి, 1900 మార్చి తర్వాతి సంఖ్యలన్నీ ఎక్సెల్‌తో సరిపోయేలా చూసుకున్నాయి. పాత మ్యాకింటోష్ ఎక్సెల్ 1904 నుంచి లెక్కపెట్టేది. ఏదైనా ఫైల్‌లో తేదీలన్నీ సరిగ్గా 1462 రోజులు, అంటే నాలుగేళ్ల ఒక రోజు, తేడాతో ఉంటే కారణం ఈ 1904 పద్ధతి. దానికి ప్రాంతీయ అమరికతో సంబంధం లేదు.

సీఎస్‌వీ ఫైళ్ల దారి వేరు

ఎక్సెల్ వర్క్‌బుక్‌లో సంఖ్య దాగి ఉంటుంది కనుక అది ఏ కంప్యూటర్‌కు వెళ్లినా తేదీ మారదు, కనిపించే తీరు మాత్రమే మారుతుంది. సీఎస్‌వీ అలా కాదు. అందులో ఉండేవి వట్టి అక్షరాలు. తెరిచిన ప్రతిసారీ తేదీలను కొత్తగా చదవాలి, చదివేది ఆ కంప్యూటర్ అమరికను బట్టి. పోర్టళ్లలో ‘ఎక్సెల్‌లోకి దింపు’ అనే మీట నొక్కితే వచ్చే ఫైళ్లు చాలావరకు లోపల వెబ్ పట్టికలే. తెరిచేటప్పుడు ఫైల్ రకం, దాని పొడిగింపు సరిపోలడం లేదని ఎక్సెల్ హెచ్చరిస్తుందే, అవి ఇవే. వీటిలోని తేదీలూ తెరిచేటప్పుడే చదవబడతాయి.

సీఎస్‌వీతో ఒక వింత కూడా జరుగుతుంది. అమెరికా అమరికలో తెరిచిన సీఎస్‌వీలో 02-06-2014 అన్నది ఫిబ్రవరి 6గా మారి, తెర మీద 2/6/2014గా కనిపిస్తుంది. దాన్ని మళ్లీ సీఎస్‌వీగానే సేవ్ చేస్తే ఆ రూపమే ఫైల్‌లోకి వెళ్తుంది. తరువాత భారత అమరికలో తెరిచినవారికి అది జూన్ 2గా చదవబడి, ఎవరూ ఏమీ చేయకుండానే సరైపోతుంది. మధ్యలో ఎవరైనా వర్క్‌బుక్‌గా సేవ్ చేసి ఉంటే మాత్రం తప్పు స్థిరపడుతుంది. ఒకే ఫైల్ ఒక బల్ల మీద సరిగా, పక్క బల్ల మీద తప్పుగా ఉండడానికి కారణం ఈ ప్రయాణమే. సీఎస్‌వీని నోట్‌ప్యాడ్‌లో తెరిచి చూస్తే ప్రయాణం గుట్టు తెలుస్తుంది. కొన్ని తేదీల్లో అడ్డ గీతలు, నెలకు ముందు సున్నా ఉండి, మరికొన్నింటిలో వాలు గీతలు వచ్చి సున్నాలు పోయాయంటే, ఫైల్ దారిలో ఎక్కడో అమెరికా అమరికను తాకి వచ్చింది.

అమరికలు ఉండే చోట్లు

ఎక్సెల్ తన సొంత అమరిక మీద ఆధారపడదు, విండోస్‌ను అడుగుతుంది. కంట్రోల్ ప్యానెల్‌లో రీజియన్, అందులో ఫార్మాట్స్ అన్నచోట ఇంగ్లిష్ (ఇండియా) ఎంచుకుని, ఎక్సెల్‌ను మూసి మళ్లీ తెరవాలి. కీబోర్డు భాషకూ ఈ ఫార్మాట్స్‌కూ సంబంధం లేదు. తెలుగు టైపింగ్ పెట్టుకున్నాం కదా, తేదీలూ మనవే అవుతాయనుకుంటే కుదరదు.

లిబ్రేఆఫీస్‌లో లొకేల్‌తో పాటు తేదీలను ఏయే రూపాల్లో ఒప్పుకోవాలో చెప్పే చిన్న పెట్టె భాషల ఐచ్ఛికాల్లో ఉంటుంది. అందులో లేని రూపం వస్తే టెక్స్ట్‌గా వదిలేస్తుంది. ఊహించి తప్పు చేయడం కన్నా ఇదే మేలు. సీఎస్‌వీ తెరిచేటప్పుడు అది చూపించే కిటికీలో ఒక్కో కాలమ్‌కు ‘తేదీ, రోజు ముందు’ అని చెప్పే వీలుంది. ఈ విషయంలో ఉచిత సాఫ్ట్‌వేర్ ఎక్సెల్ కన్నా ముందుంది. ఎక్సెల్‌లో సీఎస్‌వీ మీద రెండుసార్లు నొక్కి తెరిస్తే ఏమీ అడగదు.

గూగుల్ షీట్స్‌లో లొకేల్ కంప్యూటర్‌కు కాక ఒక్కో ఫైల్‌కు ఉంటుంది. ఫైల్ మెనూలోని సెట్టింగ్స్‌లో ఇండియా అని మారిస్తే ఆ ఫైల్ తెరిచిన అందరికీ వర్తిస్తుంది. డల్లాస్‌లోని కొడుకు, జనగామలోని తండ్రి కలిసి రాసుకునే ఇంటి ఖర్చుల షీటులో ఎవరి తేదీ చెల్లాలన్నది ఆ షీటు ఎవరు మొదలుపెట్టారన్నదాన్ని బట్టి తేలుతుంది. అమెరికాలో ఉన్న తెలుగువారికి ఈ చిక్కు రెండు వైపులా ఉంది. వాళ్ల భారత పాస్‌పోర్టులో రోజు ముందు, అక్కడి దరఖాస్తుల్లో నెల ముందు.

దోషాన్ని పట్టుకోవడం

తేదీలు సెల్‌లో కుడికి, టెక్స్ట్ ఎడమకు ఒరిగి ఉంటుంది. ఎవరూ అలైన్‌మెంట్ మార్చి ఉండకపోతే ఒక కాలమ్‌లో కొన్ని కుడికి, కొన్ని ఎడమకు ఉండడమే పెద్ద సాక్ష్యం. అనుమానం ఉన్న సెల్‌ను జనరల్ ఫార్మాట్‌లోకి మారిస్తే నిజమైన తేదీ 42654 లాంటి సంఖ్యగా మారుతుంది, టెక్స్ట్ కదలదు. సెల్ నిండా హ్యాష్ గుర్తులు ఉంటే కంగారు పడనక్కర్లేదు. చాలాసార్లు కాలమ్ వెడల్పు చాలక అలా వస్తుంది. అప్పుడప్పుడు తీసివేతలో వచ్చిన రుణ సంఖ్యను తేదీగా చూపమన్నప్పుడూ వస్తుంది.

ఇంకా గట్టి పరీక్ష 12తో చేసేది. ఒక పెద్ద కాలమ్‌లో నిజమైన తేదీలన్నిటి రోజులూ 12 లోపే ఉంటే అది తారుమారైన కాలమ్. ఒకే నెల రిజిస్టర్ అయితే బొమ్మ మరీ స్పష్టంగా ఉంటుంది. జూన్ నెల హాజరో, ధాన్యం కొనుగోలో ఎక్కించారనుకుందాం. మొదటి పన్నెండు రోజులు జనవరి 6, ఫిబ్రవరి 6, మార్చి 6 అంటూ ప్రతి నెలా ఆరో తేదీకి చేరి డిసెంబర్ 6 దాకా వెళ్తాయి. వాటిలో జూన్ 6 ఒక్కటే నిజం. 13 నుంచి 30 దాకా ఉన్న 18 రోజులు ఎడమకు ఒరిగి ఉంటాయి. నెలల వారీ మొత్తాలు తీసినప్పుడు ప్రతి నెలలో కొంచెం కొంచెం కనిపిస్తే అమరికను అనుమానించాలి. ఇంకా రాని తేదీలు పాత రికార్డుల్లో కనబడటమూ అదే కథ.

జరిగే నష్టం ఎంతో ఒక ఉదాహరణ చెబుతుంది. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం ప్రకారం 21 రోజుల లోపు తెలిపితే ఆలస్య రుసుము లేదు. 30 రోజులు దాటితే అనుమతి కావాలి, ఏడాది దాటితే మెజిస్ట్రేటు స్థాయి ఉత్తర్వు కావాలి. బిడ్డ 05-03న పుట్టి 12-03న నమోదైందనుకుందాం, తేడా 7 రోజులు. రెండు తేదీలూ తిరగబడితే మే 3, డిసెంబర్ 3 అవుతాయి, తేడా 214 రోజులు. సకాలంలో చేసిన పని షీటులో ఏడు నెలల ఆలస్యంగా నిలుస్తుంది. అదే నమోదు 14-03న జరిగి ఉంటే ఆ తేదీ టెక్స్ట్‌గా మిగిలి, తీసివేతలో వాల్యూ ఎర్రర్ వచ్చేది. ఎర్రర్ వచ్చినవారే అదృష్టవంతులు, ఎందుకంటే వాళ్లు ఆగి చూస్తారు. 7కు బదులు 214 వచ్చినవారికి ఆగాల్సిన పనే కనిపించదు.

వయసు లెక్కల్లోనూ ఇంతే. రైతుబీమాకు అర్హత 18 నుంచి 59 ఏళ్లు. అంచుల్లో ఉన్న రైతు పుట్టిన తేదీ తిరగబడితే అర్హత అటో ఇటో పోతుంది. తిరగేయడం వల్ల వచ్చే అతి పెద్ద తేడా జనవరి 12, డిసెంబర్ 1 మధ్యది: లీపు కాని సంవత్సరంలో 323 రోజులు. ఏ తేదీ తిరగబడినా సంవత్సరం మారదు. అందుకే పుట్టిన సంవత్సరం మాత్రమే చూసే తనిఖీలన్నీ దీన్ని వదిలేస్తాయి.

చుక్కలు, రెండంకెల సంవత్సరాలు

మన కార్యాలయాల ఉత్తరాల్లో తేదీకి చుక్కలు పెట్టడం రివాజు: తేది 11.10.2016. భారత, అమెరికా అమరికలు రెండింటిలోనూ ఎక్సెల్ దీన్ని తేదీగా ఒప్పుకోదు, టెక్స్ట్‌గా ఉంచుతుంది. 11.10 అని రోజు, నెల మాత్రమే రాస్తే ఇంకా అన్యాయం, అది పదకొండు పాయింట్ ఒకటి అనే దశాంశంగా మారి వెనుక సున్నా కూడా పోతుంది. చుక్కల తేదీలను చూసి చాలామంది ఫైండ్, రీప్లేస్‌తో చుక్కల స్థానంలో గీతలు పెడతారు. భారత అమరికలో ఇది పనిచేస్తుంది. అమెరికా అమరికలో అయితే అంతవరకు క్షేమంగా ఉన్న టెక్స్ట్ ఆ ఒక్క నొక్కుతో తారుమారు తేదీలుగా మారిపోతుంది.

సంవత్సరాన్ని రెండంకెల్లో రాస్తే శతాబ్దాన్ని కంప్యూటర్ ఊహిస్తుంది. ఈ హద్దు విండోస్ క్యాలెండర్ అమరికలో ఉంటుంది. చాలా కాలం అది 2029గా ఉంది: 00 నుంచి 29 దాకా 2000లలోకి, 30 నుంచి 99 దాకా 1900లలోకి. ఆ హద్దుతో 06-08-34 అని రాస్తే 1934 వస్తుంది. 1928లో పుట్టిన అవ్వకు 28 అని రాస్తే 2028లో పుడుతుంది. ఆసరా పింఛన్ల వంటి వృద్ధుల జాబితాల్లో నాలుగంకెలు రాయడం తప్పనిసరి.

వెబ్ పేజీల నుంచి కాపీ చేసిన తేదీల చివర కనిపించని ఖాళీలు ఉంటాయి. మామూలు ట్రిమ్ ఫంక్షన్ వాటిలో ఒక రకాన్ని తీయలేదు. 160 సంఖ్య గల ఆ ఖాళీని విడిగా మార్పించాలి.

తేదీలు కానివి తేదీలైపోవడం

తేదీలు కాని అంకెలు తేదీలుగా మారడం తెలుగు నేల మీద మరీ ఎక్కువ, ఎందుకంటే మన ఇంటి నెంబర్లు తేదీల్లాగే ఉంటాయి. మున్సిపాలిటీల్లో 2-7-15 వంటి నెంబరు 2015 జూలై 2గా, అమెరికా అమరికలో ఫిబ్రవరి 7గా మారుతుంది. గ్రామ పంచాయతీల్లో 4-12 అన్న ఇల్లు డిసెంబర్ 4 అవుతుంది, 3-45 అన్నది మార్చి నెల అవుతుంది. సర్వే నెంబర్లకూ ఇదే గతి. 112/అ వంటి అక్షరపు ఉపవిభాగానికి ఏమీ కాదు. 5/2 మాత్రం ఫిబ్రవరి 5గానో మే 2గానో తేలుతుంది. ధరణి అయినా దాని స్థానంలో 2025లో వచ్చిన భూభారతి అయినా, పోర్టల్‌లో సరిగా ఉన్న నెంబరును షీటులోకి కాపీ చేసుకున్న క్షణంలో ఈ మార్పు జరుగుతుంది. ఆ తర్వాత ఎవరైనా ఆ సెల్‌ను టెక్స్ట్‌గా మారిస్తే 5/2 తిరిగి రాదు, లోపలి సంఖ్య బయటపడుతుంది.

పహాణీ సంవత్సరాలు, విద్యా సంవత్సరాల సంగతి ఇంకా వింత. 2009-10 అని కొడితే 2009 అక్టోబర్, 2011-12 అని కొడితే 2011 డిసెంబర్ అవుతాయి. 2012-13 మాత్రం పదమూడో నెల లేదు కాబట్టి టెక్స్ట్‌గా క్షేమంగా ఉంటుంది. 2000-01 మొదలు 2011-12 దాకా పన్నెండేళ్ల పహాణీలు ఒక రకంగా, ఆ తర్వాతివి మరో రకంగా వరుస తప్పి కూర్చుంటాయి. సార్టింగ్ చేసినవారికి ఏం జరిగిందో అర్థం కాదు.

జీవశాస్త్రవేత్తలు కూడా ఇదే గోతిలో పడ్డారు. సెప్టిన్, మార్చ్ కుటుంబాల జన్యువుల సంక్షిప్త నామాలను ఎక్సెల్ సెప్టెంబర్, మార్చి తేదీలుగా మార్చేది. 2016లో వచ్చిన ఒక పరిశీలనలో, ఎక్సెల్ జన్యు జాబితాలు జతచేసిన జన్యుశాస్త్ర పరిశోధన పత్రాల్లో దాదాపు ఐదో వంతుకు ఈ దోషం ఉందని తేలింది. చివరికి 2020లో జన్యువుల నామకరణ సంఘమే 27 జన్యువుల పేర్లు మార్చుకుంది. సాఫ్ట్‌వేర్ మారడం కన్నా శాస్త్రం మారడమే తేలికైంది. మైక్రోసాఫ్ట్ 2023లో ఈ స్వయంచాలక మార్పిడిని ఆపే ఐచ్ఛికం ఇచ్చింది. కానీ అది అక్షరాలూ అంకెలూ కలిసిన పదాలకే, ఇంటి నెంబరు 4-12ను కాపాడదు. దానికి పాత మందే గతి: ఎంట్రీకి ముందే కాలమ్ మొత్తాన్ని టెక్స్ట్ ఫార్మాట్‌లో పెట్టడం, లేదా నెంబరు ముందు ఒక అపాస్ట్రఫీ కొట్టడం.

1900కు ముందు, ఫసలీ లెక్కలు

పాలకుర్తి వీరవనిత చాకలి ఐలమ్మ జయంతిగా ప్రభుత్వం జరిపే తేదీ సెప్టెంబర్ 26, సంవత్సరం 1895. 26-09-1895ను భారత అమరికలో కొట్టినా ఎక్సెల్ తేదీగా తీసుకోదు, దానికి కాలం 1900లో మొదలవుతుంది. ఆమె మరణించిన 10-09-1985ను మాత్రం తీసుకుంటుంది. ఈ రెండింటినీ తీసివేసి వయసు కట్టబోతే ఎర్రర్ వస్తుంది. లిబ్రేఆఫీస్ కాల్క్ 1900కు ముందు తేదీలను కూడా లెక్కిస్తుంది, చరిత్ర పనికి అదే నయం.

నిజాం కాలపు రికార్డుల్లో ఉండేది ఫసలీ సంవత్సరం. క్రీస్తుశకానికీ దానికీ తేడా సుమారు 590 ఏళ్లు. 1355 ఫసలీ అన్న కాగితాన్ని ఏ అమరికా తేదీగా చదవలేదు. భారత జాతీయ శక క్యాలెండర్ 1957 మార్చి 22న, 1879 చైత్రం 1గా అమల్లోకి వచ్చింది. ఎక్సెల్‌లో ఎంట్రీకి అదీ పనికిరాదు. ఇలాంటి వాటికి మూలంలో ఉన్నదాన్ని టెక్స్ట్‌గా ఒక కాలమ్‌లో, మార్చిన క్రీస్తుశక తేదీని పక్క కాలమ్‌లో పెట్టడం మంచిది.

ఉత్తరాల్లో మళ్లీ తిరగబడటం

షీటు సరిగానే ఉన్నా వర్డ్ మెయిల్ మెర్జ్‌లో నోటీసులు తీస్తే తేదీలు అమెరికా వరుసలో పడటం తరచూ ఎదురయ్యే ఫిర్యాదు. వర్డ్ ఎక్సెల్ నుంచి లోపలి సంఖ్యను తీసుకుని తన పద్ధతిలో రాయడమే కారణం. వర్డ్‌లోని ఫీల్డ్‌కు తేదీ రూపం చెప్పడం ఒక దారి. టెక్స్ట్ ఫంక్షన్‌తో తేదీని అక్షరాలుగా మార్చిన కాలమ్‌ను షీటులోనే తయారుచేసి, దాన్ని మెర్జ్‌కు ఇవ్వడం ఇంకా సులువు. ఆ ఫంక్షన్‌లో తెలుగు భాషా సంకేతం 44ఏ జోడిస్తే నెల పేరు తెలుగులోనే వస్తుంది. మాక్రోల ద్వారా సీఎస్‌వీ తెరిచేవారికి ఇంకో జాగ్రత్త అవసరం. మాక్రో భాష విండోస్ అమరికను పక్కనబెట్టి అమెరికా పద్ధతిలో చదువుతుంది, స్థానిక పద్ధతిలో చదవమని విడిగా చెప్పాలి.

ప్రమాణం

సంవత్సరం-నెల-రోజు వరుసను ఐఎస్‌ఓ 8601 ప్రమాణం 1988లో ఖాయం చేసింది. భారత ప్రమాణాల సంస్థ దాన్నే ఐఎస్ 7900గా స్వీకరించింది. 2016-10-11 అని రాస్తే అమెరికా, భారత అమరికలు రెండూ అక్టోబర్ 11గానే చదువుతాయి. అయినా చెక్కు మీది గడులూ, పదో తరగతి మెమోలూ, పాస్‌పోర్టులూ రోజుతోనే మొదలవుతున్నాయి కాబట్టి ఈ వరుస మన చేతికి అలవాటు కాలేదు. కార్యాలయాల మధ్య తిరిగే ఫైళ్లకైనా దీన్ని వాడితే ఈ వ్యాసంలోని సగం చిక్కులు ఉండవు.

సరిచేసే పద్ధతులు

మొదటి నియమం: ఏదీ మార్చకముందు ఫైల్‌కు నకలు తీసిపెట్టాలి. రెండోది: మూల సీఎస్‌వీ దొరికితే పాడైన వర్క్‌బుక్‌ను బాగుచేయడం మాని, సీఎస్‌వీని మళ్లీ సరిగా దిగుమతి చేసుకోవాలి. డేటా మెనూలోని ‘టెక్స్ట్ లేదా సీఎస్‌వీ నుంచి’ దారిలో పవర్ క్వెరీ తెరుచుకుంటుంది. అక్కడ కాలమ్ రకాన్ని ‘లొకేల్ ఉపయోగించి’ అన్న ఐచ్ఛికంతో తేదీ, ఇంగ్లిష్ (ఇండియా) అని మారిస్తే విండోస్ అమరిక ఏదైనా తేదీలు సరిగా వస్తాయి. కాలమ్ మొత్తం టెక్స్ట్‌గానే ఉంటే టెక్స్ట్ టు కాలమ్స్ చాలు. దాని మూడో మెట్టులో తేదీ ఎంచుకుని, రోజు-నెల-సంవత్సరం వరుస చెప్పాలి. చుక్కల తేదీలకూ ఇది పనిచేస్తుంది.

మూలం లేక, వర్క్‌బుక్ మాత్రమే మిగిలితే పక్కన కొత్త కాలమ్ వేసి సూత్రంతో పని చేయించాలి. ముందు ఈజ్‌నంబర్ ఫంక్షన్‌తో సెల్‌లో ఉన్నది సంఖ్యో కాదో చూడాలి. సంఖ్య అయితే అది తారుమారైన తేదీ. డేట్ ఫంక్షన్‌కు దాని సంవత్సరాన్ని యథాతథంగా ఇచ్చి, నెల స్థానంలో దాని రోజును, రోజు స్థానంలో దాని నెలను ఇస్తే తిరగబడినది మళ్లీ తిరగబడి సరవుతుంది. సంఖ్య కాకపోతే అది చెడని టెక్స్ట్. చివరి నాలుగు అక్షరాలు సంవత్సరం, నడిమి రెండు నెల, మొదటి రెండు రోజు అని లెఫ్ట్, మిడ్, రైట్ ఫంక్షన్లతో విడదీసి డేట్ ఫంక్షన్‌కే అందించాలి. ఫలితాన్ని వాల్యూస్‌గా అతికించాక, కనీసం పది పదిహేను వరుసలను కాగితపు రిజిస్టర్‌తో పోల్చి చూడటం మరవకూడదు.

ఎడమకు ఒరిగిన సెల్స్‌ను మాత్రమే చూసి, వాటిని చేత్తో సరిచేసి ఊరుకోవడం అన్నిటికన్నా చెడ్డ మరమ్మతు. కుడికి ఉన్న తప్పు తేదీలు అలాగే ఉండిపోతాయి, వాటిని పట్టిచ్చే ఆనవాలు కూడా పోతుంది. ఒకే కాలమ్‌లో కొన్ని వరుసలు అమెరికా అమరికలో, కొన్ని భారత అమరికలో ఎక్కించినా ఇదే పరిస్థితి. ఏ వరుస ఎవరు ఎక్కించారో తెలిస్తే, లేదా వరుస సంఖ్యలు తేదీల క్రమంలో నడిస్తే కొంతవరకు విడదీయవచ్చు. ఆ రెండూ లేకపోతే అలాంటి ఫైల్‌ను బాగుచేసే సూత్రం ఏ సాఫ్ట్‌వేర్‌లోనూ లేదు, రిజిస్టర్ ముందు పెట్టుకుని తేదీలన్నీ మళ్లీ ఎక్కించాల్సిందే.